ఎర్ర కారు గులాబీ రంగులోకి తిరిగితే

ప్రశ్న: మా నాన్నగారి మారుతి 800, ఎరుపు రంగు, 2002లో కొన్నది. ఆయన పోయాక నాలుగేళ్లుగా ఇంటి ముందు వేపచెట్టు కిందే ఉండిపోయింది. ఈమధ్యే ఇంజిన్ పని చేయించాను, నడుస్తోంది. కానీ బానెట్, రూఫ్ పూర్తిగా వెలిసిపోయి గులాబీ రంగులోకి వచ్చాయి, చెయ్యి ఆనిస్తే సుద్దలా అంటుకుంటోంది. పెయింటింగ్ షెడ్డులో చూపిస్తే పాలిష్‌తో పని కాదు, మొత్తం గీకి కొత్త రంగు కొట్టాల్సిందే అన్నారు. నాన్నగారు తుడుచుకున్న రంగునే ఉంచుకోవాలని నా కోరిక. దారి ఉందా?
ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చాలావరకు ఉంది. షెడ్డువాళ్ల మాట విని వెంటనే గీకించొద్దు, ఒక్కసారి గీకించాక కంపెనీ రంగు మళ్లీ రాదు.

ముందు డిక్కీ మూత ఎత్తి లోపలి అంచు చూడండి, లేదా డోర్ తెరిచి పక్క స్తంభం చూడండి. అక్కడ ఎండ తగలదు కాబట్టి 2002లో మీ నాన్నగారు షోరూం నుంచి తెచ్చుకున్న ఎరుపు అలాగే ఉంటుంది. బయట ఉన్నది కూడా అదే రంగు, కాకపోతే ఎండకీ గాలికీ పైపొర చచ్చి పొడైపోయింది. మీ చేతికి అంటుతున్న సుద్ద ఆ చచ్చిన పొరే. దాని కింద బతికున్న రంగు ఎంత మిగిలిందన్నదే అసలు ప్రశ్న.

ఇప్పటి కార్లకు రంగు మీద గాజులాంటి క్లియర్ కోట్ ఉంటుంది. పాతకాలం సాదా రంగు కార్లకు చాలావాటికి అది ఉండదు, పైన ఉన్నది నేరుగా రంగే. మీ కారు ఏ రకమో తెలుసుకోవడం తేలిక: తెల్లటి గుడ్డకు కొంచెం పాలిష్ రాసి రూఫ్ మీద ఒక మూల రుద్దండి, గుడ్డ ఎర్రబడితే క్లియర్ కోట్ లేనట్టే. సుద్దలా రాలుతోందని మీరు రాసినదాన్ని బట్టి మీది ఈ రకమే అనిపిస్తోంది. ఇది మీకు మంచిదే, ఎందుకంటే క్లియర్ కోట్ ఊడిపోతే పాలిష్‌తో బాగుచేయలేం గానీ సాదా రంగు వెలిస్తే వెనక్కి తేవచ్చు.

ఇక పని. నాలుగేళ్ల దుమ్ము మీద పొడిగుడ్డ అస్సలు పెట్టొద్దు, ఆ దుమ్ములో ఉన్న ఇసుకే ఎమరీ పేపర్ పని చేస్తుంది. మొదట, ముందువైపు అద్దం కింద వైపర్ల దగ్గర పేరుకున్న వేపాకు, పుల్లలు చేత్తో తీసెయ్యండి. అక్కడ నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి, అవి పూడుకుపోతే నీళ్లు లోపలికి దిగి కాళ్ల దగ్గర రేకు తుప్పు పడుతుంది (రంగు కోసం మొదలుపెట్టినా ఇది చూడకుండా వదలకండి). తర్వాత ధారాళంగా నీళ్లు పోసి, కార్ షాంపూతో రెండు బకెట్ల పద్ధతిలో కడగండి, అంటే ఒక బకెట్లో షాంపూ నీళ్లు, ఇంకో దాంట్లో మంచినీళ్లు, గుడ్డను ప్రతిసారీ మంచినీళ్లలో జాడించి మట్టి అక్కడ వదిలించాకే మళ్లీ షాంపూలో ముంచాలి. పై నుంచి కిందికి రావాలి, కింది భాగం చివర.

కడిగి ఆరాక ఒక పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చెయ్యి పెట్టి బానెట్ మీద మెల్లగా జరిపి చూడండి. ఉత్త చేతికి తెలియని గరుకు కవర్ వేసుకుంటే వేళ్లకి స్పష్టంగా తెలుస్తుంది. ఆ గరుకు తీయడానికి క్లే బార్ అని మెత్తటి బంకమట్టి ముద్దలా దొరుకుతుంది. షాంపూ నీళ్లు చల్లుకుంటూ, నొక్కకుండా, అటూ ఇటూ జరపాలి. మొదట కరకరమని చప్పుడు వస్తుంది, పోనుపోను చప్పుడు ఆగిపోయి ముద్ద జారిపోతుంది, అప్పుడు ఆ చోటు అయినట్టు. ముద్ద కింద పడితే పారెయ్యండి, ఎంత ఖరీదైనదైనా సరే, దానికి అంటిన ఇసుక తీయలేరు. మీ కారుకి ముద్ద ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు.

ఇప్పుడే అందరూ తొందరపడి కాంపౌండ్ (రాపిడి ఎక్కువుండే గట్టి పాలిష్) అందుకుంటారు. ఆగండి. ఎండిపోయిన పాత రంగు పొడిబారిన చర్మం లాంటిది, ముందు దానికి నూనె పట్టాలి. నూనెపాలు ఎక్కువుండి, రాపిడి లేని గ్లేజ్‌లు దొరుకుతాయి. వాటిని తుండుగుడ్డలాంటి మెత్తటి గుడ్డతో బాగా దట్టించి ఒక రాత్రంతా వదిలెయ్యండి. తెల్లారి తుడిస్తే సుద్ద చాలావరకు ఆ గుడ్డకే వచ్చేస్తుంది, అడుగున ఎరుపు కనిపించడం మొదలవుతుంది. రెండోసారి కూడా పట్టించవచ్చు.

తర్వాత పాలిష్. బానెట్ మీద రెండడుగుల చదరం ఒకటి తీసుకుని, అన్నిటికన్నా మెత్తటి పాలిష్‌తో, మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో ముందు అక్కడే చేసి చూడండి. చాలకపోతేనే కొంచెం గట్టిది, అదీ చాలకపోతేనే కాంపౌండ్. ఈ వరస తిరగేయొద్దు. కారు మీద ప్రైమర్ (రంగు కింద వేసే అడుగు పూత) నుంచి పైదాకా అన్ని పొరలూ కలిపితే సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో పదో వంతు. అందులో మీరు తీయదగ్గది ఎంతో ఆలోచించండి. బఫింగ్ మెషిన్ వాడేటట్టయితే గిరగిరా ఒకే ఇరుసు మీద తిరిగేది కాకుండా, తిరుగుతూ ఊగే రకం తీసుకోండి, అది అంతగా వేడెక్కించదు, మొదటిసారి చేసేవాళ్ల చేతికి కూడా లొంగుతుంది.

బానెట్ అంచులు, మధ్యలో ఉండే గీతల మడతలు, డోర్ అంచులు, వీటి మీద రంగు అన్నిటికన్నా పల్చగా ఉంటుంది. వాటికి ముందే మాస్కింగ్ టేప్ వేసి, చివర్లో చేత్తో మాత్రమే చెయ్యండి. నేను చాలా ఏళ్ల కిందట మా పాత కారు బానెట్ మడత మీద మెషిన్ రెండు క్షణాలు ఎక్కువ ఆపాను, ఎత్తి చూసేసరికి వేలెడంత గీత బూడిదరంగు ప్రైమర్ బయటపడింది. ఆ రోజు పడ్డ బాధ గుర్తుండే ఈ టేప్ సంగతి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకో మాట, పని పొద్దునపూటో సాయంత్రమో నీడలోనే. రేకు చేతికి చల్లగా ఉండాలి. రేకు వేడిగా ఉంటే పాలిష్ అక్కడికక్కడే ఎండి అతుక్కుపోతుంది. నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగ్‌లకు కూడా టేప్ వెయ్యండి, పాలిష్ పట్టి తెల్లబడితే అది వదలడం గగనం.

రుద్దుతుంటే ప్యాడ్ ఎర్రబడుతుంది, గుడ్డలు కుప్పలు పడతాయి. మొదటి గుడ్డ లేత గులాబీగా వస్తుంది, అది చచ్చిన రంగు. తర్వాతి గుడ్డలు చిక్కటి ఎరుపులోకి మారాయంటే బతికున్న పొర దాకా వచ్చేశారు, అక్కడ ఆపెయ్యండి. ఇంకొంచెం మెరిపిద్దాం అని కొనసాగించినవాళ్లే ప్రైమర్ దాకా పోతారు.

ఆపిన రోజే సీలెంట్ (రంగుకి రక్షణగా రాసే పూత) పట్టించాలి, వారం తర్వాత చూద్దాం అనుకోవద్దు. క్లియర్ కోట్ లేని రంగును మన ఎండకి ఒట్టిగా వదిలితే కొన్ని నెలల్లోనే మళ్లీ సుద్ద మొదలవుతుంది. పాలిష్ నూనెలు మిగిలితే సీలెంట్ పట్టదు, కాబట్టి డబ్బా మీద చెప్పిన క్లీనర్‌తో తుడిచి, సీలెంట్‌ని కనీకనిపించనంత పల్చగా రాసి, మసకబారాక మైక్రోఫైబర్ గుడ్డతో తీసెయ్యండి. మందంగా రాస్తే ఎక్కువ రక్షణ రాదు, తుడవలేక చేతులు పడిపోతాయి. మర్నాడు రెండో పూత. ఆ తర్వాత మూడు, నాలుగు నెలలకోసారి.

ప్రైమర్ బయటపడ్డ చోట్లు, రూఫ్ పక్క గాడిలో, డోర్ల కింద తుప్పు పొక్కులు ఉంటే అవి పాలిష్ పని కాదు, ఆ ముక్కల వరకే టింకరింగ్ చేయించి టచప్ వేయించండి. రంగు కలిపేవాళ్లకి డిక్కీ లోపలి ఎరుపు చూపించండి, బయటిది కాదు. అలాగే కారు వయసు 15 ఏళ్లు దాటింది కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయ్యిందో లేదో చూసుకోండి, నాలుగేళ్లు కదలని బండి కదా.

ప్రశ్న: నాది నల్ల కారు, కొని రెండేళ్లు కూడా కాలేదు. ఎండలో చూస్తే సాలెగూడులా గుండ్రటి గీతలు కనిపిస్తున్నాయి. ఒకసారి షాపులో పాలిష్ పెట్టిస్తే మాయమయ్యాయి, నెల తిరిగేసరికి మళ్లీ వచ్చేశాయి. మోసమా? రోజూ పొద్దున్నే మా అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచే అబ్బాయి శుభ్రంగా తుడుస్తాడు కూడా.
ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: మీ ప్రశ్నలో చివరి వాక్యమే జవాబు. రాత్రంతా పడ్డ దుమ్ము మీద పొడిగుడ్డతో గుండ్రంగా తుడిస్తే రోజుకి వంద సన్నటి గీతలు పడతాయి. నలుపులో అవి దాగవు, తెల్ల కారుకీ అన్నే పడతాయి, కనిపించవంతే. ఆ అబ్బాయిని కోప్పడకండి, అతనికి మనం చెప్పిన పని అదే. రోజూ వద్దు, వారానికి ఒక్కసారి నీళ్లతో కడిగితే చాలు, డబ్బులు మాత్రం అంతే ఇస్తానని చెప్పండి. రెండు మంచి మైక్రోఫైబర్ గుడ్డలు కూడా మీరే కొనివ్వండి.

షాపు సంగతికొస్తే, కొన్ని పాలిష్‌లు గీతలని తీయవు, నూనె, మైనం లాంటివాటితో నింపి కప్పేస్తాయి. నాలుగు వాష్‌లకి అది కొట్టుకుపోతుంది. ఈసారి పని అయ్యాక డబ్బులిచ్చే ముందు, నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక చోట తుడిపించి ఎండలో చూడండి. గీతలు తిరిగి కనిపిస్తే కప్పారు, కనిపించకపోతే తీశారు. గోరు పెట్టి అడ్డంగా లాగితే గోరు ఆగే గీతల జోలికి మాత్రం పోనివ్వొద్దు, అవి పోవాలంటే క్లియర్ కోట్ పోవాలి. అది మొత్తం 40, 50 మైక్రాన్లకు మించి ఉండదు.

ప్రశ్న: బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉంటాం. బోరు నీళ్లతో కడిగితే తెల్ల మచ్చలు కడుతున్నాయి. వాక్స్, సీలెంట్, సిరామిక్ కోటింగ్, ఏది చేయించాలి?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మచ్చల పని ముందు చూద్దాం. అవి బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వైట్ వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, నీడలో, గుడ్డ తడిపి మచ్చ మీద రెండు నిమిషాలు పరచి, వెంటనే కడిగెయ్యండి. కొత్తవైతే పోతాయి. పోలేదంటే క్లియర్ కోట్‌ని తినేశాయని అర్థం, మెత్తటి పాలిష్ తప్పదు. ఇకముందు బోరు నీళ్లతో కడిగినా ఒంటి మీదే ఆరనివ్వకండి, చివరి బకెట్ మున్సిపల్ నీళ్లు పోసి వెంటనే తుడిచెయ్యండి.

వాక్స్ అంటే ఎక్కువగా కార్నోబా, బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం. మెరుపు చాలా అందంగా ఉంటుంది, మన ఎండకి నెలా రెండు నెలలు నిలవడం గొప్ప. సీలెంట్ కృత్రిమంగా చేసిన పాలిమర్, నాలుగు నెలల దాకా ఉంటుంది, మీరే ఇంట్లో వేసుకోవచ్చు. సిరామిక్ సిలికాతో చేసింది, సరిగ్గా వేస్తే రెండేళ్లు కూడా నిలుస్తుంది, కానీ కింద ఉన్న గీతలన్నీ దాని కింద అలాగే ఉండిపోతాయి, ముందు పాలిష్ పని బాగా చేయించాలి, ఖర్చంతా అక్కడే. రాయి తగిలితే ఊడే రంగుని సిరామిక్ ఆపదు, బోరు నీళ్ల మచ్చలూ ఆపదు. మీ చోట నేనైతే సీలెంటే వేసుకుంటాను. ఆ మిగిలిన డబ్బుతో నెలకి రెండుసార్లు కారు అడుగుభాగం మంచినీళ్లతో కొట్టించండి. సముద్రపు ఉప్పు కారుని కింది నుంచి తింటుంది, మనమేమో పైన చూసి మెరుస్తోందని సంతోషిస్తాం.

ప్రశ్న: రూఫ్ మీద క్లియర్ కోట్ పొలుసుల్లా ఊడిపోతోంది. పాలిష్‌తో సరిచేయవచ్చా?
ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: లేదు. రుద్దినకొద్దీ అంచులు ఇంకా లేస్తాయి. ఆ రూఫ్ వరకు మళ్లీ రంగు, క్లియర్ వేయించడమే మార్గం, మిగతా కారంతా వేయించాల్సిన పని లేదు.

ప్రశ్న: మామిడిచెట్టు కింద పార్కింగ్. చలికాలం చివర కారంతా జిగురు చుక్కలు, వాటి మీద పిట్టల రెట్టలు. కవర్ కప్పితే సరిపోతుందా?
ఒక పాఠకురాలు, నూజివీడు

జవాబు: ఆ జిగురు చెట్టుది కాదు, మామిడిపూత మీద చేరే చిన్న పురుగులది, మీ ఊళ్లో రైతుల్ని అడిగితే తేనెమంచు అని చెబుతారు. తీపిగా ఉంటుంది కాబట్టి దాని మీద నల్ల బూజు కూడా పడుతుంది. ఆ రోజుకారోజు నీళ్లతో కడిగితే తేలిగ్గా పోతుంది, ఎండకి ఎండితే గోకాల్సి వస్తుంది. రెట్టని కూడా గోకొద్దు, తడిగుడ్డ పది నిమిషాలు పరిచి నానాక పైకి ఎత్తెయ్యండి, దాన్లో ఆమ్లం ఉంటుంది, ఎండలో ఒక మధ్యాహ్నం వదిలినా మచ్చ దిగిపోతుంది. సీలెంట్ ఉంటే ఈ రెండూ తీయడానికి మీకు కొంత వ్యవధి దొరుకుతుంది. కవర్ మాత్రం మురికి కారు మీద కప్పొద్దు, గాలికి కదులుతూ లోపలి దుమ్ముతో అదే గీతలు పెడుతుంది. పూత రాలిపోయేదాకా ఆ రెండు నెలలూ పక్కింటివాళ్లనడిగి కారు వాళ్ల షెడ్డులో పెట్టుకోండి.