కణానికి ఎవరు చెప్పారు?

విజయనగరం

చిరంజీవి తల్లికి ఆశీస్సులు.

రాజాం నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. భాష హాయిగా ఉంది. "వేడి తగలగానే కణం ప్రమాదాన్ని పసిగట్టి రక్షక ప్రోటీన్లను తయారుచేసుకుంటుంది" అన్న వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. ఎలా పసిగడుతుందమ్మా? అసలు కథంతా అక్కడే ఉంది, నువ్వు ఒక్క మాటతో దాటేశావు.

చెడిపోతున్న ప్రోటీన్ల దగ్గర మొదలుపెట్టు. గుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడటం అందరూ చూసిందే. ప్రోటీన్ల మడతలు విడిపోయి ఒకదానికొకటి అతుక్కోవడమే అది. కణంలో అంతదాకా రాకపోయినా, వేడికి కొన్ని ప్రోటీన్ల మడతలు చెదురుతాయి. రక్షక ప్రోటీన్ల జన్యువులను మేల్కొలిపే స్విచ్ హెచ్‌ఎస్‌ఎఫ్1 (హీట్ షాక్ ఫ్యాక్టర్ 1) అనే ప్రోటీన్. మామూలప్పుడు దాన్ని హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ90 అనే రక్షక ప్రోటీన్లు (హెచ్‌ఎస్‌పీ అంటే హీట్ షాక్ ప్రోటీన్) అంటిపెట్టుకుని పని చెయ్యనివ్వవు. చెదిరిన ప్రోటీన్లు పెరిగేసరికి, వాటిని చక్కబెట్టడానికి ఇవి అటు వెళ్లిపోతాయి. వదిలేసిన హెచ్‌ఎస్‌ఎఫ్1 అణువులు మూడేసి కలిసి డీఎన్‌ఏ మీద తమ చోటు పట్టుకుంటాయి. హెచ్‌ఎస్‌పీ70 జన్యువు దగ్గర, జన్యువును చదివి ఆర్‌ఎన్‌ఏ నకలు తీసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్ ముందే పని మొదలుపెట్టి, కొద్ది దూరంలో ఆగి ఉంటుంది. ఇప్పుడది కదులుతుంది. నిమిషాల్లో జన్యువు జోరందుకోవడానికి కారణం ఇదే. దీన్ని తొందరపడి రాయకు, పాఠకుడు ఒక్కో మెట్టూ ఎక్కాలి. కొత్త హెచ్‌ఎస్‌పీలు సరిపడా వచ్చాక మళ్లీ హెచ్‌ఎస్‌ఎఫ్1ను పట్టుకుంటాయి, స్విచ్ ఆగుతుంది. ఆ ముగింపు కూడా నీ వ్యాసంలో లేదు.

ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రిటోస్సా కథ బాగానే చెప్పావు. ఇంక్యుబేటర్ వేడి పెరిగినప్పుడు పండ్ల ఈగల లాలాజల గ్రంథుల క్రోమోజోముల మీద కొత్త ఉబ్బులు కనిపించడం, 1962లో ఆయన అది ప్రచురించడం. కానీ "రక్షక ప్రోటీన్లను కనుగొన్నాడు" అనకు. ఆయన చూసింది జన్యువులు మేల్కొనడం. ప్రోటీన్లు బయటపడింది 1974లో. ఆ ఎడాన్ని దాచకపోతేనే సైన్సు ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

హీట్ షాక్ అన్న పేరులో వేడి ఉన్నా, కాడ్మియం లాంటి లోహాలు కూడా ఈ స్పందనను రేపుతాయి. ఒక వాక్యం చాలు.

మీ నాన్నగారి వరి చేను పేరా నాకెంతో నచ్చింది, అయినా తీసెయ్యి. మొక్కల్లో ఈ స్విచ్ ప్రోటీన్లు చాలా ఎక్కువ, వరిలోనే 25 ఉన్నాయి. మనిషి కణం కథను దానికి అతికిస్తే రెండూ పాడవుతాయి. అది వేరే వ్యాసం, రాయాల్సిందే.

సిరిమాను సంబరంలోపు తిరగరాసి పంపు.