మీ నాన్న చేత ఆ పేజీ రాయించొద్దు

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె, ఉండేది బెంగళూరు కమ్మనహళ్ళిలో. మా తాత 1956లో సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో చేరి 1984లో సుబేదారుగా రిటైరయ్యారు. 65, 71 యుద్ధాలు రెండూ చూశారు. నన్ను పెంచింది ఆయనే. పోయిన ఏడాది 88 ఏళ్లకు కన్నుమూశారు. సంవత్సరీకానికి ఆయన మీద చిన్న పుస్తకం వేస్తున్నాం. అందరూ రాశారు, నాన్న మాత్రం "నువ్వు చూసిన మనిషిని నువ్వు రాసుకో, నన్నొదిలెయ్" అంటున్నాడు. తాత పోయిన రోజు కూడా ఏడవలేదు. మొన్న చుట్టాల ముందు "కన్నతండ్రి రుణం ఒక్క పేజీ కూడా చెయ్యదా నీకు" అనేశాను. అప్పట్నుంచీ ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. ఎలా ఒప్పించాలి?
— ఒక మనవరాలు, బెంగళూరు

జవాబు: ఒప్పించొద్దు. నువ్వడిగిన దానికి జవాబు అంతే. పుస్తకంలో ఒక పేజీ తగ్గితే మీ తాతకు వచ్చే లోటేమీ లేదు.

నీ ఉత్తరం నాలుగు పేజీలు, అంతా ఇక్కడ వెయ్యలేదు గానీ మొత్తం చదివాను. 1971 డిసెంబర్లో బసంతర్ నది దగ్గర మందుపాతరలు తీసి ట్యాంకులకు దారి చెయ్యడం, దారి పూర్తిగా తెరుచుకోకముందే పూనా హార్స్ రెజిమెంట్ ట్యాంకులు కదిలిపోవడం, ఆ రెజిమెంట్ అధికారి, 21 ఏళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ ఆ యుద్ధంలోనే పోయాడని చెప్పేటప్పుడు తాత గొంతు పూడుకుపోవడం, అన్నీ బాగా రాశావు. ఆ యుద్ధానికిచ్చిన పశ్చిమీ స్టార్ పతకానికి ఫ్రేమ్ కట్టించింది కూడా నువ్వేనట. హలసూరు చెరువు పక్కన ఎంఈజీ (మద్రాస్ సాపర్స్ కేంద్రం) గేటు కనబడగానే ఆటోలోనే నిటారుగా కూర్చునేవాడన్న చోట నేనూ నవ్వుకున్నాను.

మీ నాన్న మీద మాత్రం రెండే వాక్యాలున్నాయి. "జేజికి (నానమ్మకు) చదువు రాదు, తాత ఉత్తరాలు నాన్నే చదివి పెట్టేవాడట." ఇంకోటి, "చివరి మూడేళ్లు తాత మంచం మీదే, నాన్నే చూసుకున్నాడు." అలా రాసేసి మళ్లీ తాత దగ్గరికి వెళ్లిపోయావు. అసలు సంగతంతా ఆ రెండు వాక్యాల్లోనే ఉందమ్మా.

మీ నాన్న పుట్టింది 1963లో. 65 యుద్ధానికి రెండేళ్లు, 71కి ఎనిమిది. తాత రిటైరై వచ్చేసరికి ఇరవై ఒకటి. ఏడాదికి రెండు నెలల లీవు, ఎప్పుడైనా పీస్ స్టేషన్లో, అంటే కుటుంబాన్ని తెచ్చుకోగల చోట, క్వార్టర్ దొరికితే కొన్నాళ్లు కలిసి ఉండటం, అంతకు మించి ఆ పిల్లవాడికి నాన్న దొరికి ఉండడు. ఎనిమిదేళ్లవాడు వాళ్లమ్మ ఎదురుగా కూర్చుని ఉత్తరం చదవాలి. అడ్రసు చూస్తే కేరాఫ్ 56 ఏపీఓ అని ఆర్మీ పోస్టాఫీసు నంబరే, ఊరి పేరు ఉండదు, మనిషి ఎక్కడున్నాడో తెలియదు. అమ్మ చెప్తుంటే జవాబు రాయాల్సిందీ వాడే, ఉత్తరం ఆలస్యమైతే ఆమె ముఖం చూడాల్సిందీ వాడే. నువ్వు తాత ఒళ్లో కూర్చుని విన్న బసంతర్ కథ జరుగుతున్నప్పుడు, వాళ్ల నాన్న తిరిగొస్తాడని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేరు.

తర్వాత నువ్వు పుట్టావు. అప్పటికి తాతకు పెన్షనుంది, తీరికుంది, మిలిటరీ కోపం కూడా తగ్గింది. నిన్ను సైకిల్ మీద స్కూలుకు దింపాడు, జడ వెయ్యడం నేర్చుకున్నాడు. కొడుక్కి చెయ్యలేకపోయిందంతా నీకు చేశాడు, ఆ సంగతి ఆయనకూ తెలుసనే నేననుకుంటాను. మీ నాన్న అదంతా పక్కనుండి చూశాడు, సంతోషించే ఉంటాడు, లోపలెక్కడో కలుక్కుమనీ ఉంటుంది. తాతను తప్పుపట్టడం లేదు, ఉద్యోగం అలాంటిది, ఆ జీతం మీదే ఇల్లు నడిచింది. అలాగని ఆ కొడుకు చేత పొగిడించే హక్కు ఎవరికీ లేదు, నీకసలు లేదు.

రుణం అన్నావు చూడు, అక్కడ నాకు కోపం వచ్చింది. పక్షవాతంతో పడిపోయిన మనిషిని అరవై ఏళ్ల కొడుకు రోజూ లేపి ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో రెఫరల్ కోసం లైన్లో నిలబడటం, రాత్రి రెండు గంటలకు పిలిస్తే లేవడం, అలా మూడేళ్లు. నువ్వు శనివారం వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చి, తాత చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పి, ఆదివారం సాయంత్రం వెళ్లేదానివి. అది తప్పని అనను. కానీ చేసినవాణ్ణి పట్టుకుని ఇప్పుడు రాసి చూపించమనడమేమిటి? మన ఇళ్లల్లో ఇదొక జబ్బు, పోయిన రోజు ఎవరెంత ఏడ్చారో అందరికీ గుర్తుంటుంది, మంచం పక్కన ఎవరున్నారో ఎవరికీ గుర్తుండదు. అప్పటికి ఆయన ఒంట్లో ఏడ్చే ఓపిక కూడా మిగిలి ఉండకపోవచ్చు. (మీ అమ్మ మాట నీ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. దాని గురించి మాట్లాడాలంటే ఇంకో ఉత్తరం కావాలి.)

ముందు వెళ్లి క్షమాపణ అడుగు, వాట్సాప్‌లో వద్దు. మాట అన్నది చుట్టాల ముందు కాబట్టి, సంవత్సరీకం రోజు ఆ చుట్టాల ముందే, తాతను చివరిదాకా చూసుకుంది మా అమ్మా నాన్నా అని నీ నోటితో చెప్పు. ఆయన ఇబ్బంది పడతాడు, పడనీ.

ఇంకో పని. తాత డిశ్చార్జి బుక్ ఇంట్లోనే ఉంటుంది కదా, అందులో ఉన్న సంవత్సరాలన్నీ ఒక కాగితం మీద రాసి, వాటి పక్కన అప్పటికి నాన్న ఏ క్లాసో రాసి చూసుకో. పుస్తకంలో వెయ్యడానికి కాదు, నువ్వు చూడటానికి. తర్వాత ఎప్పుడైనా ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, "తాత గురించి చెప్పు" అనకుండా, "జేజికి చదివిన ఉత్తరాల్లో ఏముండేది నాన్నా" అని అడుగు. చెప్తే విను, రికార్డు చేద్దామని ఫోన్ తియ్యకు. చెప్పకపోతే లేచి కాఫీ పెట్టివ్వు, మళ్లీ అడక్కు.

జేజి ఫ్యామిలీ పెన్షన్ పనులు కూడా ఇప్పుడు మీ నాన్న మీదే పడి ఉంటాయి. నవంబర్లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, జీవన్ ప్రమాణ్ యాప్‌లో ఫోన్‌కు జేజి ముఖం చూపించి ఇంట్లోనే చేసేయొచ్చు, ఆయనకు టెన్షన్ గానీ నీకు పెద్ద పనేం కాదు. సైనిక పెన్షన్ల పోర్టల్ స్పర్శ్ పాస్‌వర్డు అడిగి తీసుకో, ఈ ఏడాది నుంచి అది నువ్వు చెయ్యి.