నీల్ యంగ్ ‘గ్రేటెస్ట్ హిట్స్’ ఒక్కటి వింటే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: పాత రాక్ సంగీతం ఇప్పుడిప్పుడే వింటున్నారు, నీల్ యంగ్ పేరు చాలాచోట్ల చెవిన పడింది, ఆల్బమ్‌ల జాబితా తీస్తే నలభై దాటింది, అన్నీ వినే ఓపిక లేదు. అందుకని 2004లో వచ్చిన ‘గ్రేటెస్ట్ హిట్స్’ ఒక్కటి వినేసి పని ముగించుకోవచ్చా అని.

పాటల వరకు ఢోకా లేదు. తీసిపారేయాల్సింది ఒక్కటీ లేదు. కానీ దాంతోనే ఆగిపోతే ఈయన ఎలాంటి మనిషో సగం కూడా తెలియదు. వేరే గాయకుల విషయంలో నేనింత పట్టుబట్టను. కొందరికి హిట్స్ సీడీ ఒక్కటి చాలు, మిగతా ఆల్బమ్‌లలో ఉన్నదంతా భర్తీ సరుకే. నీల్ యంగ్ అలా కాదు.

ముందు మంచి చెప్పుకోవాలి. ఇందులో 16 పాటలున్నాయి. ఏ లెక్కన ఎంచారో సీడీతో పాటే రాసిచ్చారు: రికార్డుల అమ్మకాలు, రేడియోలో ఎంత వేశారు, తెలిసినంతవరకు డౌన్‌లోడ్‌లు ఎన్ని. అంటే పేరుకు తగ్గట్టే, ఇది జనం ఎంచిన జాబితా. ఇలాంటి కలెక్షన్లలో సాధారణంగా ఒకటో రెండో కొత్త పాటలు ఇరికిస్తారు, పాత అభిమాని కూడా చచ్చినట్టు మళ్లీ కొనాలి కదా. ఇందులో ఆ తెలివితేటలు లేవు. పాటలు కూడా దాదాపు వచ్చిన కాలం వరసలోనే ఉంటాయి.

చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ 16లో 11 పాటలు 1969 నుంచి 1972 మధ్యలోవే. మిగతా ముప్పై ఏళ్లకు కలిపి దక్కింది ఐదే. 1979 నాటి ‘హే హే మై మై’ అవ్వగానే ఒక్క గెంతులో 1989 నాటి ‘రాకిన్ ఇన్ ది ఫ్రీ వరల్డ్’కి వెళ్లిపోతాం. మధ్యలో ఒక దశాబ్దం మాయం.

పైగా కాలం వరసలో పెట్టడం వల్ల ఇంకో ఇబ్బంది వచ్చింది. మొదటి పాట ‘డౌన్ బై ది రివర్’, రెండోది ‘కౌగర్ల్ ఇన్ ది శాండ్’. రెండూ కలిపితే ఇరవై నిమిషాలకు దగ్గర. 1969 ఆల్బమ్‌లో అవి రికార్డుకి అటువైపు చివర ఒకటి, ఇటువైపు చివర ఒకటి ఉంటాయి. చిన్న పాటలతో చెవి కుదురుకున్నాక వస్తాయి కాబట్టి బాగుంటుంది. ఇక్కడ మాత్రం గడపలోనే ఎదురొస్తాయి. ఒకసారి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ కార్లో ఈ కలెక్షనే పెట్టాను. పక్కన మా బావ, ఇళయరాజా తప్ప లోకం ఎరగని మనిషి. ఎల్బీ నగర్ దగ్గర పాట మొదలైంది. వనస్థలిపురం దాటుతుంటే, “ఏరా, ఇంకా అదే పాటా?” అన్నాడు. “అదే బావా,” అన్నాను. గిటార్ ఒకే స్వరాన్ని పట్టుకుని టకటకమని కొడుతూ ఉంటుంది. అలవాటైతే ఒళ్లు జలదరిస్తుంది, కొత్తవాళ్లకు సీడీ ఇరుక్కుపోయిందేమో అనిపిస్తుంది. హయత్‌నగర్ వచ్చేసరికి బావ కళ్లు మూసుకున్నాడు. నిద్రో, నిరసనో తెలియలేదు.

అందుకే కొత్తవాళ్లెవరైనా అడిగితే ఐదో పాట నుంచి మొదలుపెట్టమంటాను. ‘ఆఫ్టర్ ది గోల్డ్ రష్’. పియానో, సన్నని గొంతు, మధ్యలో ఒక కొమ్ము వాద్యం. గొంతు మొదట వింత‌గా ఉంటుంది, పీలగా, కాస్త ముక్కుతో. రెండు మూడు పాటలకు సర్దుకుంటారు. సర్దుకోలేదంటే ఆయన మీకు పడడు, అందులో తప్పేం లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పదకొండో పాట ‘హార్ట్ ఆఫ్ గోల్డ్’. 1971లో ఆయన టీవీ కార్యక్రమం కోసం నాష్‌విల్ వెళ్తే, అదే కార్యక్రమానికి గాయకులు జేమ్స్ టేలర్, లిండా రాన్‌స్టాట్ కూడా వచ్చారు. వాళ్లిద్దరినీ స్టూడియోకి తీసుకెళ్లి వెనక గొంతులు పాడించుకున్నాడు. నడుం నొప్పితో నిలబడి ఎలక్ట్రిక్ గిటార్ మోయలేని రోజులవి, అందుకే కూర్చుని అకూస్టిక్ గిటార్ పట్టుకున్నాడు. ఆ పాట 1972లో అమెరికాలో నంబర్ వన్ అయింది. ఇప్పటికీ ఆయనకున్న ఒకే ఒక్క నంబర్ వన్ అది. ఆ పాట ఉన్న ‘హార్వెస్ట్’ ఆల్బమ్ ఆ ఏడాది అక్కడ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది.

మామూలు మనిషైతే ఏం చేస్తాడు? అచ్చొచ్చిన దారి కదా, ఇంకో నాలుగు అలాంటివే తీస్తాడు. ఈయన ఆ పాట తనను రోడ్డు మధ్యలోకి తెచ్చి పెట్టిందని, అక్కడ విసుగుపుట్టి పక్కన గోతిలోకి దిగానని, అక్కడ కుదుపులెక్కువైనా ఇంకా ఆసక్తికరమైన మనుషులు కనబడ్డారని తర్వాత చేత్తో రాసుకున్నాడు. నిజంగానే దిగాడు. తన బ్యాండ్ క్రేజీ హార్స్‌లో గిటారిస్టు డానీ విట్టెన్ 1972 నవంబర్‌లో మత్తుకు బలైపోయాడు. మరుసటి ఏడాది వాళ్లకు సామాను సర్దిపెట్టే బ్రూస్ బెర్రీ కూడా అలాగే పోయాడు. ఆ దుఃఖంలో, చాలావరకు తాగి, అంతా ఒకే గదిలో కూర్చుని రికార్డు చేసింది ‘టునైట్స్ ది నైట్’. గొంతు జీరబోతుంది, శ్రుతి తప్పుతుంది, మైకు నుంచి పక్కకు జరిగిపోతాడు. అయినా వదిలేశారు. 1973లో చేస్తే 1975లో గానీ బయటికి రాలేదు. దానికి ముందు ‘టైమ్ ఫేడ్స్ అవే’, ‘ఆన్ ది బీచ్’. ఈ మూడింటినీ అభిమానులు నెత్తిన పెట్టుకుంటారు. ‘గ్రేటెస్ట్ హిట్స్’లో వీటి నుంచి వచ్చిన పాటలు సున్నా. అమ్మకాల లెక్క తీస్తే అంతే వస్తుంది మరి.

‘ది నీడిల్ అండ్ ది డ్యామేజ్ డన్’ అయితే ఉంది. విట్టెన్‌ను పట్టిన హెరాయిన్ గురించి, అతను బతికుండగానే, రాసిన పాట. కచేరీలో పాడింది, రెండు నిమిషాలే. ‘హార్వెస్ట్’ ఆల్బమ్‌లో అది అవ్వగానే చప్పట్లు మొదలవుతాయి, ఆ చప్పట్లు పూర్తవ్వకముందే మధ్యలో నరికేసినట్టు తర్వాతి పాట దూసుకొస్తుంది. పాట వదిలిన బాధ మీద ఆ కోత ఎంత పదునుగా పడుతుందో వింటేగానీ తెలియదు. కలెక్షన్‌లో దాని పక్కన ఆ పాట లేదు, ‘ఓల్డ్ మ్యాన్’ ఉంది. మంచి పాటే, కానీ ఆ దెబ్బ పోయింది.

ఇలాంటివి మనకు పెద్దగా పట్టవు, ఎందుకంటే మనం పెరిగిందే కలగలుపు వింటూ. క్యాసెట్‌కి ఒకవైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకో సినిమా. కాదంటే రికార్డింగ్ షాపులో లిస్టు రాసిచ్చి నైంటీ క్యాసెట్ నింపించుకోవడం. ఏ పాట పక్కన ఏది ఉన్నా నడిచిపోయేది. నీల్ యంగ్ మాత్రం పాట పక్కన పాటను లెక్కగా పెట్టే మనిషి. 1979 ‘రస్ట్ నెవర్ స్లీప్స్’ చూడండి. మొదట్లో అకూస్టిక్ గిటార్‌తో ‘మై మై హే హే’ ఉంటుంది, చివర్లో అదే పాట మాటలు కాస్త మార్చి, గిటార్ చెవులు చిల్లులు పడేలా పెట్టి ‘హే హే మై మై’గా తిరిగొస్తుంది. 1989 ‘ఫ్రీడమ్’లో ‘రాకిన్ ఇన్ ది ఫ్రీ వరల్డ్’ కూడా అంతే, మొదట ఒంటరిగా, చివర బ్యాండ్‌తో. కలెక్షన్‌లో రెండింటివీ హోరెత్తే రూపాలే తీసుకున్నారు. ‘ఫ్రీ వరల్డ్’ పల్లవి ఒక్కటే వింటే జెండా ఊపే పాట అనిపిస్తుంది. 2015లో ట్రంప్ తన ప్రచారం మొదలుపెట్టిన సభలో దాన్ని వాడుకుంటే నీల్ యంగ్ అభ్యంతరం చెప్పాడు. చరణాల్లో ఉన్నది ఇళ్లు లేనివాళ్లు, మత్తుకు అలవాటై బిడ్డను వదిలేసిన తల్లి. ఒంటరి గిటార్‌తో విన్నప్పుడు ఆ చేదు దాచినా దాగదు.

ఆ మాయమైన ఎనభైల గురించి ఒక్క ముక్క. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రోజులవి. ఒక ఆల్బమ్‌లో గొంతు యంత్రంలోంచి పోనిచ్చి రోబోలా పాడాడు, తర్వాతిది యాభైల నాటి రాక్ అండ్ రోల్. చివరికి ఆయన రికార్డు కంపెనీ గెఫెన్, నీల్ యంగ్ లాంటి పాటలు చేయడం లేదని నీల్ యంగ్ మీదే 1983లో దావా వేసింది! ఆ ఆల్బమ్‌లన్నీ గొప్పవని నేననను. కొన్ని నాకూ ఎక్కలేదు. కలెక్షన్ వాటిని వదిలేసినందుకు నాకు బాధ లేదు. డెబ్భైల నడిమి మూడూ వదిలేసినందుకే.

మరి ఏం వినాలి? నా ఓటు ‘డెకేడ్’కి. 1977లో మూడు ఎల్‌పీలుగా వచ్చింది, 35 పాటలు, ఏరింది ఆయనే, ఒక్కో పాట కింద రెండు మూడు మాటలు చేత్తో రాసిందీ ఆయనే. పైన చెప్పిన గోతి మాట అందులోదే. బఫలో స్ప్రింగ్‌ఫీల్డ్ బ్యాండ్ రోజుల పాటలూ ఉన్నాయి, ‘టునైట్స్ ది నైట్’, ‘వాక్ ఆన్’, ‘కోర్టెజ్ ది కిల్లర్’ కూడా ఉన్నాయి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని టిక్కులు పెట్టాను: ‘గ్రేటెస్ట్ హిట్స్’లోని 16లో 11 పాటలు ‘డెకేడ్’లో ఉన్నాయి. లేనివి ‘ఓన్లీ లవ్ కెన్ బ్రేక్ యువర్ హార్ట్’, దాంతో పాటు చివరి నాలుగు పాటలు. ఆ నాలుగూ 1977 తర్వాతివి, ఉండటానికి వీల్లేదు. కాబట్టి ‘డెకేడ్’ విని, ఆ ఐదు పాటలు జోడించుకుంటే ‘గ్రేటెస్ట్ హిట్స్’ విడిగా అక్కర్లేదు. డబ్బు పెట్టి సీడీనో రికార్డో కొనేవాళ్లయితే ఇది ముఖ్యం. ఊరికే ఫోన్లో వినేవాళ్లయితే రెండూ వినండి. 2022 జనవరిలో కోవిడ్ తప్పుడు సమాచారం గొడవలో ఆయన స్పాటిఫై నుంచి పాటలన్నీ తీయించేశాడు, 2024లో మళ్లీ వచ్చాయి.

ఓపిక బొత్తిగా లేదు, ఒక సాయంత్రమే ఉంది అంటే మాత్రం ‘గ్రేటెస్ట్ హిట్స్’ పెట్టుకోండి, వెనకనుంచి ముందుకు. చివరి పాట ‘హార్వెస్ట్ మూన్’ (1992) ఎవరికైనా నచ్చుతుంది. ఆ రోజు కార్లో మా బావ కళ్లు తెరిచింది కూడా దానికే. సూర్యాపేటలో టీ తాగి మళ్లీ బయల్దేరాక ఇదొచ్చింది. కాసేపు విని, “వెనకాల ఎవరో వాకిలి ఊడుస్తున్నట్టుందేంట్రా?” అన్నాడు. నిజంగా చీపురే! తాళం కోసం స్టూడియోలో చీపురుతో ఊడ్చారు, ఆల్బమ్ మీద చీపురు వాయించిన మనిషికి పేరు కూడా వేశారు. బావ దాన్ని మళ్లీ పెట్టమన్నాడు. ‘డౌన్ బై ది రివర్’ మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

మీరు గిటార్ వాయిస్తారని ప్రశ్న చివర్లో రాశారు కాబట్టి ఒక మాట. ‘సిన్నమన్ గర్ల్’ మామూలు ట్యూనింగ్‌లో కుస్తీ పట్టకండి. ఒకటో తీగ, ఆరో తీగ రెండూ ఈ నుంచి డీకి దించండి, ఆ బరువైన రిఫ్ దానంతటదే చేతికొస్తుంది. సోలో గురించి భయం వద్దు, అందులో వాయించేది ఒకే స్వరం. కష్టమంతా కుడిచేతిదే, ఒరిజినల్‌తో కలిసి వాయిస్తే తెలుస్తుంది. తీగలు దించారు కాబట్టి పనిలో పనిగా ‘ఓహియో’ కూడా పట్టేయండి, అదీ అదే ట్యూనింగ్.