పెద్దల సినిమాలో పాత్ర లొంగినట్టు చూపితే, నటి కూడా ఒప్పుకున్నట్టేనా?

కాదు, పాత్ర సమ్మతి వేరు, నటి సమ్మతి వేరు. కథలో బాస్ ఒత్తిడికి ఉద్యోగిని తలొగ్గినా, ఆ సీన్‌లో ఏం చేస్తారో, ఏం చేయరో నటీనటులు కెమెరా తిరగకముందే తేల్చుకోవాలి.

చిక్కంతా ఎక్కడంటే, ఇలాంటి కథలో 'వద్దు' అన్నది డైలాగే కావచ్చు. నటి నిజంగానే వద్దంటున్నా డైరెక్టర్‌కు అది నటనలాగే వినిపిస్తుంది. అందుకే ఆపడానికి కథతో సంబంధం లేని మాట పెట్టుకుంటారు. 'ఎరుపు' అనగానే కట్. మాట్లాడలేని భంగిమ అయితే చేత్తో రెండుసార్లు తట్టడం.

ఉదాహరణకు బాస్ తలుపేసి ఆమె మణికట్టు పట్టుకునే షాట్ తీసుకోండి. ఏ చెయ్యి, ఎంత బిగువు, ఎన్ని సెకన్లు, తర్వాత ఎక్కడ తాకొచ్చు అన్నీ బట్టలతోనే రిహార్సల్ చేస్తారు. తెరమీద గుంజినట్టు కనిపించినా, నిజానికి కదలికను నడిపేది ఆమె చెయ్యే.

చాలామంది పొరబడేది కాంట్రాక్టు దగ్గర. సంతకం పెడితే అన్నిటికీ సరేనన్నట్టు కాదు. రాసుకున్న పనులకే, అదీ ఆ క్షణానికి ఇష్టమైతేనే. సెట్‌లో అప్పటికప్పుడు 'ఇంకొంచెం' అని కొత్త చర్య చేర్చడం, సీన్ పూర్తిచేస్తేనే డబ్బు అని మెలిక పెట్టడం, ఇలాంటి చోట్ల బెడిసికొడుతుంది. డబ్బు పోతుందన్న భయంతో చెప్పిన 'సరే' కెమెరాలో రికార్డయినా సమ్మతి అనిపించుకోదు.