వోల్టేజి, కరెంటు తెలిస్తే రెసిస్టెన్స్, పవర్ ఎలా లెక్కకట్టాలి?

వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ ఓముల్లో, రెండింటినీ గుణిస్తే పవర్ వాట్లలో వస్తుంది.

వోల్టేజి అంటే ఒక్కో కూలుంబు ఆవేశం అందించే శక్తి. కరెంటు అంటే సెకనుకు ఎన్ని కూలుంబులు పారుతున్నాయన్నది. కాబట్టి గుణిస్తే సెకనుకు ఖర్చయ్యే శక్తి తేలుతుంది. ఒక ఆంపియరు పారడానికి ఎన్ని వోల్టులు కావాలో చెప్పేదే రెసిస్టెన్స్, అందుకే అక్కడ భాగహారం.

బకెట్లో వేసే హీటర్ రాడ్డు 230 వోల్టుల దగ్గర 4.35 ఆంపియర్లు లాగుతోందనుకోండి. 230 ÷ 4.35 అంటే దాదాపు 53 ఓములు; 230 × 4.35 అంటే సుమారు 1000 వాట్లు. లో వోల్టేజి వచ్చి 180కి పడిందా, రెసిస్టెన్స్ దాదాపు మారదు గానీ కరెంటు 3.4కి దిగుతుంది. 180 × 3.4 = 612 వాట్లే! నీళ్ళు ఎంతకీ కాగవు మరి.

రెసిస్టెన్స్ ఎక్కువుంటే వేడీ ఎక్కువని చాలామంది అనుకుంటారు. ఇంటి సప్లైలో వోల్టేజి ఇంచుమించు స్థిరం, కాబట్టి జరిగేది దానికి తలకిందులు: 2000 వాట్ల గీజరు ఎలిమెంటుకు ఉండేది 26 ఓములే. ఫ్యాన్లు, మోటార్లకు మాత్రం ఈ లెక్క నేరుగా కుదరదు. పవర్ తేలాలంటే పవర్ ఫ్యాక్టర్‌తో (వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చేదాంట్లో నిజంగా ఖర్చయ్యే వంతు) కూడా గుణించాలి.