పూర్తిగా కరెంటుతో నడిచే భవనాలు: మెకానికల్ విద్యార్థి ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. గ్యాస్, డీజిల్ అవసరం లేకుండా పూర్తిగా విద్యుత్తుతో నడిచే, కర్బన ఉద్గారాలు లేని భవనాల డిజైన్‌లో స్థిరపడాలని ఉంది. దీనికి ఆర్కిటెక్చర్ చదవాలా? కరెంటే బొగ్గు నుంచి వస్తున్నప్పుడు ఈ పనికి ప్రయోజనం ఉంటుందా?

జవాబు: ఆర్కిటెక్చర్‌కు మారనక్కర్లేదు. మీరు చదువుతున్న థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ ఈ రంగానికి పునాది. మీ రెండో సందేహం చాలా విలువైనది, ఈ వృత్తిలో తరచూ వేయాల్సిన లెక్క అందులోనే ఉంది.

గ్యాస్ బాయిలర్ తాను కాల్చిన ఇంధనంలోని శక్తికి మించి వేడినివ్వలేదు. హీట్ పంప్ అలా కాదు. అది బయటి గాలిలోనో నేలలోనో ఉన్న వేడిని లోపలికి చేరవేస్తుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. 90 శాతం సామర్థ్యమున్న బాయిలర్ ఒక యూనిట్ వేడినిచ్చేటప్పుడు దాదాపు 0.22 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కరెంటంతా బొగ్గుదే అయితే యూనిట్‌కు దాదాపు కిలో; మూడుతో భాగిస్తే 0.33 కిలోలు. అంటే అక్కడ ఈ రోజుకు గ్యాసే నయం. గ్రిడ్ సగటు 0.4 కిలోలకు దిగితే హీట్ పంప్ ఇచ్చే యూనిట్ వేడికి ఉద్గారం 0.13 కిలోలకు పడిపోతుంది. భవనం దశాబ్దాల పాటు నిలిచేది కనుక, గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్తు పెరిగేకొద్దీ దాని ఉద్గారాలు వాటంతటవే తగ్గుతాయి; గ్యాస్ కాల్చే బాయిలర్‌కు ఆ అవకాశం లేదు. మామూలు కాయిల్ హీటర్లు బిగిస్తే మాత్రం ఒకటికి ఒకటే వేడి వస్తుంది కాబట్టి ఈ లెక్క తలకిందులవుతుంది.

అయితే యంత్రాల ఎంపిక రెండో మెట్టు మాత్రమే. ముందుగా భవనానికి కావలసిన వేడినీ చల్లదనాన్నీ తగ్గించాలి. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో పూర్తయిన తొలి పాసివ్ హౌస్ (అతి తక్కువ శక్తితోనే వెచ్చగా ఉండేలా కట్టిన ఇల్లు) నుంచి ఎదిగిన ప్రమాణం ప్రకారం, ఏడాదికి చదరపు మీటరుకు 15 యూనిట్లకు మించి వేడి అవసరం కాకూడదు. కిటికీల దిశ, వాటిపై నీడ, గోడల ఇన్సులేషన్, గాలి చొరబడే సందులు సరిచేశాక హీట్ పంప్ పరిమాణం ఎంత తగ్గుతుందో చూస్తే, వాస్తుశిల్పితో మొదటి రోజు నుంచే కూర్చోవడం ఎందుకు అవసరమో మీకే తెలుస్తుంది. హీట్ పంపులో, ఏసీలో తిరుగుతూ వేడిని మోసే రిఫ్రిజెరెంట్ల గురించి కూడా శ్రద్ధగా చదవండి. వాటిలో ఒకటైన ఆర్-410ఎ లీకైతే అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు రెండు వేల రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. మరో రిఫ్రిజెరెంట్ ప్రొపేన్ ప్రభావం చాలా స్వల్పమే అయినా, దానికి మండే గుణం ఉంది. సిమెంటు, ఉక్కు తయారీలోనే వెలువడే కర్బనాన్ని లెక్కించడం కూడా ఇప్పుడు ఈ పనిలో భాగమే.

సర్టిఫికెట్ కోర్సుల వెంట ఇప్పుడే పరుగెత్తవద్దని నా సలహా. డిగ్రీ తర్వాత, భవనం ఎంత శక్తి వాడుతుందో కంప్యూటర్‌లో లెక్కించే ఎనర్జీ మోడలింగ్‌లోనో, కట్టిన భవనంలోని వ్యవస్థలను పరీక్షించి సరిచేసే కమిషనింగ్‌లోనో రెండేళ్లు పనిచేసి, ఆ తర్వాత బిల్డింగ్ సైన్స్‌లో మాస్టర్స్ చేస్తే ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో మీకు స్పష్టంగా ఉంటుంది. ఈలోగా ఉచితంగా దొరికే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్‌లో మీ కాలేజీ భవనాన్నే మోడల్ చేసి, వచ్చిన అంకెలను అసలు కరెంటు బిల్లులతో పోల్చండి. తేడా ఎందుకు వచ్చిందో వివరిస్తూ రాసిన నివేదికనే చివరి సంవత్సరం ప్రాజెక్టుగా సమర్పించండి, ఉద్యోగ ఇంటర్వ్యూలకూ దాన్నే తీసుకెళ్లండి.