చెరువు గట్టు మీద మొదలైన చదువును చిన్నచూపు చూడకండి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. వనామి రొయ్యల సాగు మీద బతుకుతున్నాం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్‌లో చేరమంటే వద్దంటోంది. కిందటేడు వేసవిలో అమెరికాలో శాన్‌హోసేలో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు మాంటెరీ బే అక్వేరియం చూసింది. అప్పటి నుంచి మెరైన్ బయాలజీ (సముద్ర జీవుల శాస్త్రం) చదివి అలాంటిచోట పనిచేస్తానని ఒకటే గొడవ. డాక్టర్ అవుతుందనుకున్న పిల్ల చేపలకు మేత వేస్తానంటే నలుగురికీ ఏం చెప్పుకోవాలి? డిగ్రీ కాగానే అమెరికా పంపమని మా తమ్ముడు అంటున్నాడు. బీఎఫ్ఎస్సీ (ఫిషరీస్ సైన్స్ డిగ్రీ) మంచిదా, మెరైన్ బయాలజీ మంచిదా? చిన్నప్పుడు నాతో గట్టు మీదికొచ్చి నీళ్ల టెస్టులు చేసేది, ఎండకు నల్లబడుతోందని నేనే మాన్పించాను. - ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ రెండు కోర్సుల సంగతి తప్పకుండా చెబుతాను. ముందు మీరు రాసిన ఒక మాట గురించి మాట్లాడాలి. "చేపలకు మేత వేస్తానంటే" అన్నారు. మీ ఇంట్లో అన్నం ఉడుకుతున్నదే రొయ్యలకు మేత వేసి. ఆ పని మీరు చేస్తే వ్యవసాయం, కూతురు చేస్తానంటే నామోషీనా? ఈ మాట ఆ పిల్ల చెవిన పడే ఉంటుంది. మా నాన్న తన పనినే తక్కువగా చూస్తున్నాడు అనుకుని ఉంటుంది.

ఇలాంటి ఉత్తరాలు నాకు ప్రతి వేసవిలో వస్తాయి. ఒకరి అబ్బాయి ఫోరెన్సిక్ అంటాడు, ఇంకొకరి అమ్మాయి సైకాలజీ అంటుంది. కోర్సు పేరు మారుతుంది కానీ అడుగున ఉన్న భయం ఒకటే. ఎంబీబీఎస్ కాకపోతే బంధువుల ముందు తల ఎలా ఎత్తుకోవాలి, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పాలి అని. మీ ప్రశ్న కూడా సగం ఇదే. అందుకే ర్యాంకులు, కౌన్సెలింగ్ తేదీల జోలికి వెళ్లడం లేదు. అవి మీకు నాకన్నా బాగా తెలుసు.

మీ అనుమతితో అమ్మాయితో ఫోన్లో అరగంట మాట్లాడాను. డాల్ఫిన్లు, రంగురంగుల చేపలు అంటుందేమో అనుకున్నాను, అలాంటి పిల్లలే ఎక్కువ వస్తారు కాబట్టి. కానీ ఆమె నీళ్ల గురించి మొదలుపెట్టింది. మాంటెరీలో నీరు పక్కనున్న సముద్రంలోంచే పంపులతో వస్తుందట. పగలు జనానికి చేపలు స్పష్టంగా కనబడాలి కాబట్టి వడపోసి వదులుతారట. రాత్రి వడపోయకుండా వదిలితే దానితోపాటు వచ్చే సూక్ష్మజీవులు, లార్వాలు ట్యాంకుల్లోని జీవులకు ఆహారమవుతాయట. అక్కడ 28 అడుగుల ఎత్తు ట్యాంకులో కెల్ప్ అనే సముద్రపు నాచు అడవినే పెంచుతున్నారు. నీరు కదలకపోతే కెల్ప్ బతకదు కాబట్టి అలలు పుట్టించడానికి ఒక యంత్రం పెట్టారు. ఆ యంత్రం చూస్తూ చాలాసేపు నిలబడిపోయానని చెప్పింది. "మన ఏరేటర్ లాంటిదే కదండీ" అంది, చెరువు నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాన్ని తలుచుకుని.

ఆ మాట మీ నుంచి వచ్చిందే. తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతే రొయ్య పైకి తేలుతుందని ఆ పిల్లకు పదేళ్లకే తెలుసు. అమ్మోనియా కిట్‌లో రంగు మారితే మేత తగ్గించాలని తెలుసు. అక్వేరియం గాజు వెనకాల జరిగేది కూడా చాలావరకు ఇదే. చేప విసర్జించిన అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ క్రమం తప్పితే ఎంత ఖరీదైన ట్యాంకు అయినా శవాల గది అవుతుంది. ఉప్పదనం చూడటం, కొత్తగా వచ్చిన చేపను విడిగా క్వారంటైన్‌లో ఉంచడం, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగెత్తడం, ఇందులో మీకు తెలియనిది ఏముంది?

ఇక అక్వేరియం అంటే వినోదమేగా అనే అనుమానం. మాంటెరీ అక్వేరియం 1984లో తెరిచారు, పాత సార్డీన్ చేపల క్యానరీ (చేపలను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ) ఉన్నచోట. ఒకప్పుడు ఆ ఊరు బతికింది సార్డీన్ మీదే. ఆ చేప కనబడకుండా పోయేసరికి క్యానరీలన్నీ మూతపడ్డాయి. 1990లలో తెల్లమచ్చ తెగులు వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడు మన జిల్లాల్లో ఏం జరిగిందో మీరు చూసే ఉంటారు, వేరే చెప్పక్కర్లేదు. 

అక్కడ సీ ఓటర్లు ఉంటాయి, మన కోరింగ మడ అడవుల్లో తిరిగే నీటికుక్కలకు సముద్రపు చుట్టాలు. తల్లి నుంచి విడిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పిల్లలను అక్వేరియం వాళ్లు తెచ్చి సాకుతారు. మొదట్లో మనుషులే పెంచారు. అవి మనుషులకు అలవాటు పడితే తిరిగి సముద్రంలో బతకలేవు. అందుకని పాలు పట్టేటప్పుడు మొహానికి వెల్డింగ్ మాస్కు, ఒంటికి నల్లటి ముసుగు వేసుకునేవాళ్లు. తర్వాత అక్వేరియంలోనే ఉన్న ఆడ సీ ఓటర్లకు ఆ పిల్లలను అప్పగిస్తే, అవి సొంత తల్లుల్లాగా గుల్లలు పగలగొట్టడం నేర్పాయి. 2002 నుంచి 2016 దాకా ఇలా పెరిగిన 37 పిల్లలను వదిలారు. దగ్గర్లోని ఎల్కార్న్ స్లూ అనే చోట ఆ కాలంలో పెరిగిన సీ ఓటర్ల సంఖ్యలో సగానికి పైగా వీటివల్లా, వీటి సంతానంవల్లా వచ్చిందేనని లెక్క తేలింది.

ఇంకో సంగతి మీకు సూటిగా తగులుతుంది. ఏ సముద్రపు ఆహారం కొనవచ్చు, ఏది వద్దు అని రంగులతో సూచించే సీఫుడ్ వాచ్ అనే పథకాన్ని ఆ అక్వేరియమే 1999 నుంచి నడుపుతోంది. మన దేశపు పెంపకం రొయ్యలను కూడా వాళ్లు పరిశీలించి నివేదికలు రాశారు. మన రొయ్యకు అమెరికా ఎంత పెద్ద మార్కెట్టో మీకు నేను చెప్పాలా? మీ అమ్మాయి చూసొచ్చిన ఆ భవనంలో మీ చెరువు గురించి కూడా మాట్లాడుతున్నారు.

ఇంత చెప్పాక, మీ తమ్ముడి సలహా మాత్రం నాకు నచ్చలేదు. ఇప్పుడు మెరైన్ బయాలజీకి ఒక ఫ్యాషన్ వచ్చింది. నీలి నీళ్లలో స్కూబా డైవింగ్ రీల్స్, తాబేలు పక్కన ఈదుతున్న ఫోటోలు. వాటిని చూసి 30, 40 లక్షలు అప్పు చేసి ఎమ్మెస్‌కు వెళ్లినవాళ్లతో నేను మాట్లాడాను. అక్కడ అక్వేరియం ఉద్యోగాలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. చాలామంది ముందు వాలంటీర్లుగా, జీతం లేని ఇంటర్న్‌షిప్‌లతో మొదలుపెడతారు. ఊళ్లో ఇల్లున్న స్థానికులకు అది కుదురుతుంది. వీసా గడువు, నెలనెలా వడ్డీ మెడ మీద కూర్చున్న మన పిల్లలు ఎన్నాళ్లు ఆగగలరు? చివరికి ఏదో ఐటీ కోర్సు చేసి అందులో సర్దుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లది తప్పని అనను. సముద్రం కోసం వెళ్లి సముద్రానికి దూరమయ్యారే అని మనసు బాధపడుతుంది. పీహెచ్‌డీకి స్కాలర్‌షిప్ తెచ్చుకుని వెళ్తే అది వేరే లెక్క. దానికి ఇంకా ఐదారేళ్లుంది, తొందరేం లేదు.

ఇక్కడి సంగతి కూడా దాచను. మన నగరాల్లో వస్తున్న టన్నెల్ అక్వేరియాలన్నీ చదువు చెప్పేవి కావు. ఒకచోటికి నేనే వెళ్లాను. ఒక చేపకు కళ్లు తెల్లబడి పొర కమ్మి ఉంది. బోర్డు మీద దాని పేరు తప్ప ఒక్క ముక్క లేదు. అడిగితే చెప్పేవాళ్లు లేరు, ఫోటో తీసేవాళ్లు మాత్రం నలుగురున్నారు. అలాంటిచోట ఉద్యోగమైతే నేనూ వద్దనే అంటాను. డాల్ఫిన్ ట్రైనర్ కల ఉన్న పిల్లలు కూడా తెలుసుకోవాలి, మన దేశంలో డాల్ఫినేరియాలకు అనుమతి ఇవ్వకూడదని 2013లోనే కేంద్రం నిర్ణయించింది.

సరే, మీ రెండు కోర్సులు. బీఎఫ్ఎస్సీ నాలుగేళ్లు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో కాలేజీ ఉంది. మత్స్యశాఖ, హ్యాచరీలు, ఫీడ్ కంపెనీలు, ల్యాబులు, తర్వాత ఎంఎఫ్ఎస్సీ, ముంబైలోని మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్ఈ, ఇలా దారులు చాలా ఉన్నాయి. మెరైన్ బయాలజీ అయితే బీఎస్సీ తర్వాత పీజీలో చేస్తారు. కొచ్చిలో కుశాట్ విశ్వవిద్యాలయం, పరంగిపేటలో అణ్ణామలై విశ్వవిద్యాలయం కేంద్రం పేరున్నవి, మన ఆంధ్రా యూనివర్సిటీ ఉండనే ఉంది. అది పరిశోధన వైపు దారి. ప్రాజెక్టు ఉద్యోగాలు, ఒక ప్రాజెక్టు ముగిస్తే ఇంకోటి వెతుక్కోవడం, ఓపిక కావాలి. మీ అమ్మాయికి నా ఓటు బీఎఫ్ఎస్సీకే. విశాఖలో సముద్ర చేపల మీద పరిశోధన చేసే సీఎంఎఫ్‌ఆర్‌ఐ కేంద్రం వాళ్లు గ్రూపర్, పాంపనో లాంటి సముద్రపు చేపలకు హ్యాచరీలో పిల్లలు తీయిస్తున్నారు. అలాంటిచోట ఈ పిల్ల చెరువు బుర్ర చక్కగా పనికొస్తుంది. జీవుల సంరక్షణ మీద మనసుంటే ఆ తర్వాత అటు మళ్లవచ్చు, తలుపు మూసుకుపోదు.

మీరు నిశ్చింతగా ఉండండి. నీట్ పోయినంత మాత్రాన పిల్ల పాడైపోలేదు. తనకేం కావాలో అరగంటలో తడుముకోకుండా చెప్పగలిగిన పద్దెనిమిదేళ్ల పిల్లలు నాకు ఎక్కువమంది కనబడరు. సంబంధాల టెన్షన్ ఇప్పుడే ఎందుకు? ఎవరైనా అడిగితే మా అమ్మాయి ఫిషరీస్ సైన్స్ చదువుతోందని చెప్పండి, అదీ గొంతు తగ్గించకుండా. లాంగ్ టర్మ్ హాస్టల్‌లో బలవంతంగా ఇంకో ఏడాది పెట్టడం మాత్రం వద్దు. అక్కడి గదుల్లో ఇష్టంలేకుండా కూర్చున్న పిల్లల మొహాలు నేను చూశాను.

మార్చి, ఏప్రిల్ నెలల్లో వీలు చేసుకుని ఇద్దరూ విశాఖ వెళ్లండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ల పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చే కాలం అది. అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి ఇసుకలో కంచె కట్టి కాపాడి, పొదిగిన పిల్లలను సముద్రంలోకి వదులుతారు. అరచేతిలో పట్టేంత పిల్లలు ఇసుక మీద పాకుతూ అలను అందుకోవడం ఆమెతో కలిసి చూడండి. మత్స్యదర్శిని అక్వేరియం కూడా చూసి, అక్కడి ట్యాంకుల్లో తనైతే ఏం మారుస్తుందో అడగండి.

అంతకన్నా ముందు ఈ ఆదివారం తెల్లవారుజామున ఆమెను చెరువు గట్టుకు తీసుకెళ్లి, టెస్ట్ కిట్ చేతికివ్వండి. ఎండకు టోపీ పెట్టుకుంటుంది. రీడింగులు ఆమెనే రాయమనండి, నాకు రాయబోయే ఉత్తరం కూడా.